సీసం పాఠం

జూన్ 28

శిక్షణ ముగిసింది. ఏసీ హాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం సర్టిఫికెట్లు. చెప్పింది మాత్రం మంచి మాటే. పిల్లల ఒంటికి హాని చేసే గాలి, నీరు, మట్టి సంగతులు సైన్సు పీరియడ్‌లో చెప్పి వదిలేస్తే సరిపోదట. ఒక్క అంశం పట్టుకుని అదే లెక్కల్లో, తెలుగులో, సోషల్లో, ఇంగ్లీషులో కూడా నడిపించాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు. మా బడికి బాధ్యురాలిని నేను. హెడ్మాస్టరు గురునాథరావు గారికి వచ్చే మార్చిలో రిటైర్మెంటు. కొత్త పనులన్నీ నాకే తగిలిస్తున్నారు.

నీళ్ళు తీసుకుందాం అనుకుంటున్నాను. మా బడి ఉన్న కొత్తరేవుపాలెం బోర్లలో ఉప్పు దిగిందని పిల్లలకు తెలిసిందే. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మధురవాడ చేరేసరికి ఇంట్లో గొడవ. జంక్షన్లో అమ్మ చేపల గంప దగ్గర అపార్ట్‌మెంటావిడ ఎవరో కోనెం చేప ముక్కలు అడిగితే తమ్ముడు ఎల్లాజీ చవకరకం కవ్వళ్ళు సంచిలో వేసి ఇచ్చాడట. ఆవిడ తిట్టింది. వాడు గంప తన్నాడు. అమ్మ "బుర్ర లేనోడివి" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎల్లాజీని చూసి నాకు వచ్చిన సంబంధాలు కూడా వెనక్కి పోయాయి. దాని గురించి నాకు బాధ లేదు.

చిన్నప్పుడు ఆ జ్వరం రాకపోయి ఉంటే వాడిలా ఉండేవాడు కాదు. రెండో ఏట వచ్చింది. మెదడుకెక్కింది అన్నారు.

జూలై 4

లెక్కల మాస్టారు సీతారామాంజనేయులు గారు స్టాఫ్ రూములోకి వస్తూనే నా బల్ల మీద గుప్పెడు సీసం గుండ్లు పోశారు. వల అడుగు తాడుకు బరువు కోసం కట్టేవి. ఏడో తరగతికి ఘనపరిమాణం చెబుతూ, ఇంట్లోంచి చిన్నదీ బరువైనదీ ఏదైనా తెమ్మన్నారట. దేవిశ్రీ అనే పిల్ల ఇవి తెచ్చింది.

"చూడండి మేడమ్, వేలెడంత లేవు, రాయి కన్నా బరువు. పిల్లలకు భలే సరదాగా ఉంది. ఒకడు బుగ్గన పెట్టుకున్నాడు కూడా," అన్నారు.

పిల్లను పిలిపించాను. ఎక్కడివమ్మా అని అడిగాను.

"మా అమ్మ కాస్తాది టీచర్. పాత బేటరీల్లో సీసం తెస్తారు కదా, అది మూకుట్లో కరగబెట్టి అచ్చులో పోస్తాది. వరండాలో పొయ్యి ఉన్నాది. మా ఈదిలో శానామంది కాస్తారు."

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"తమ్ముడున్నాడు. చందు. నాలుగేళ్ళు. ఆడికింకా మాటలు సరిగ్గా రాలేదు."

గుండ్లు కాగితంలో పొట్లం కట్టి బీరువా పైన పెట్టాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. అయినా ఆ వాసన వస్తున్నట్టే ఉంది. చల్లారిన సీసానికి వాసన ఉండదు. కాలిన మూకుడుకి ఉంటుంది. ఆ వాసన నాకు తెలుసు.

నీళ్ళు కాదు. సీసం తీసుకుంటాను. నీళ్ళ గురించి అందరూ చెబుతారు.

జూలై 6

ఆదివారం. పొద్దున్నంతా చదివాను. ఇన్నేళ్ళుగా "సీసం విషపూరిత లోహం" అని ఒక్క వాక్యం చదివించి పేజీ తిప్పేస్తున్నాను. ఆ వాక్యం వెనకాల ఇంత ఉంది. కరిగించినప్పుడు పొగలో లేచి దుమ్ముగా దిగుతుంది. నేల మీద, బొంత మీద, పోసే మనిషి చీర మీద. పాకే పిల్లల చేతులకు అంటుకుని నోట్లోకి పోతుంది. పెద్దవాళ్ళ కన్నా పిల్లల ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది. మాట ఆలస్యం. చదువు అంటదు. ఒక పని మీద మనసు నిలవదు. ఊరికే కోపం. ఊరికే కడుపునొప్పి. ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దే లేదట. పోయినది పూర్తిగా తిరిగి రాదట.

ఎల్లాజీకి రెండో ఏట జ్వరం వచ్చింది. అందరికీ తెలుసు.

మధ్యాహ్నం అమ్మ కవ్వళ్ళ పులుసు పెట్టింది. తినలేకపోయాను. ఎండ అన్నాను.

జూలై 7

జ్వరమే.

జూలై 18

వారం రోజులుగా బడంతా సీసమే. సోషల్లో పిల్లలు ఊరి పటం గీసి పొయ్యి ఉన్న ఇళ్ళకు ఎర్ర చుక్క పెట్టారు. సముద్రం వైపు వీధి అంతా ఎర్రబడింది. లెక్కల్లో ఆ ఇళ్ళల్లో ఐదేళ్ళలోపు పిల్లలు నూటికి ఎందరో కట్టారు. తెలుగు టీచరు ఆశాజ్యోతి నాయనమ్మలను అడిగి రాయమంది: మీ చిన్నప్పుడు వలకు ఏం కట్టేవారు? కాల్చిన మట్టి గుండ్లు అని ఒక ముసలావిడ చెప్పిందట. ఇంగ్లీషు పీరియడ్‌లో సీసం కలిసిన పాత రంగు డబ్బా మీద అక్షరాలు చదివారు.

నా క్లాసులో పసుపు చల్లాను. గచ్చు మీద, బల్లల మీద, కనిపించీ కనిపించనంత. ఏమీ చెప్పకుండా బొంగరాలూ గవ్వలూ ఇచ్చి ఆడుకోమన్నాను. తర్వాత అద్దం తిప్పాను. పెదాల మీద పసుపు, ముక్కు కింద పసుపు, ఒకడి నాలుక మీద కూడా. ముందు నవ్వారు. ఇదే సీసం దుమ్మయితే కనబడదు అన్నాను. నవ్వు ఆగిపోయింది.

బెల్లు కొట్టాక దేవిశ్రీ వెనక నిలబడిపోయింది.

"టీచర్, ఒకపాలి ఎల్లిపోయిన తెలివి మళ్ళీ వస్తాదా?"

"డాక్టరు గారిని అడుగుదాం," అన్నాను.

"ఆడు నేల మీదే ఆడతాడు టీచర్. పొయ్యి పక్కనే."

అంతా కలిసి బాగా జరుగుతోందని హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు. బాగానే జరుగుతోంది.

జూలై 27

దేవిశ్రీ ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, ముందు వరండా. వాళ్ళమ్మ పైడితల్లి పొయ్యి ముందు కూర్చుని ఉంది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉండదు. ఎడమ చంకలో చందు, కుడిచేత్తో పెద్ద గరిటె. మూకుట్లో సీసం తళతళమంటూ ఉంది. నన్ను చూసి పిల్లాణ్ణి దింపి, పొయ్యి తగ్గించి కొంగుతో పీట తుడిచింది.

చెప్పాల్సింది చెప్పాను. పిల్లాడికి రక్తపరీక్ష చేయిస్తే మంచిదన్నాను.

"మా యమ్మ సేసినాది, మా యత్త సేసినాది. అందరం బాగానే ఉన్నాం కాదేటి టీచరమ్మా? మగపిల్లలకి మాట లేటే అవుతాది."

"కావచ్చు. ఒకసారి చూపిస్తే పోయేదేముంది?"

"సూపిత్తే ఏదో ఒకటి ఉందంటారు. అప్పుడేటి సెయ్యాల?"

చందు నావైపు చూడటం లేదు. నేల మీద రాలిన చిన్న చుక్కను వేలితో పొడుస్తున్నాడు. వాడి వేలు పట్టుకుని తీశాను. చేయి విదిలించుకుని అరిచాడు. ఆ అరుపు నేను విన్నదే.

వెళ్ళబోతుంటే పైడితల్లి అడిగింది. "మీదే ఊరు టీచరమ్మా? మాటలో మా యాస ఒస్తంది."

చెప్పాను. మా పేట పేరు, మా నాన్న పేరు.

"అయితే మీరూ మావోళ్ళే గదా. మీ యమ్మ సెయ్యలేదేటి ఈ పని?"

"లేదు," అన్నాను.

జూలై 28

లేదు అన్నాను. నాన్న సముద్రం మీద పోయాక అమ్మ ఏళ్ళ తరబడి సీసం కాసింది. మా నేల మీద, మేం పడుకునే చాప పక్కన. బొగ్గులు తెచ్చి ఇచ్చేదాన్ని నేనే. నా ఫీజులు అందులోంచే వచ్చాయి. ఎల్లాజీ అప్పుడు పాకుతున్నాడు.

రాశాను. చాలు.

ఆగస్టు 8

హెడ్మాస్టరు గదిలో కన్నబాబు గారు కూర్చుని ఉన్నారు. రెండు బోట్లున్న మనిషి. ఊళ్ళో ఆడవాళ్ళకు పాత బ్యాటరీల సీసం ఇచ్చి గుండ్లు పోయించుకునేది ఆయనే. గొంతు పెంచలేదు.

"మేస్టారూ, మా ఆడోళ్ళు నాలుగు మెతుకులు తినేది ఆ పని మీదే. ఈ టీచరమ్మ ఇసం అని సెప్పింది. ఇప్పుడు గుంటలు అమ్మ పెట్టిన ముద్ద తినడానికి బయపడతన్నారు. వేట సాగతన్న రోజులు. ఇదేటి పాఠం?"

"పుస్తకంలో ఉన్న పాఠమేనండి," అన్నారు హెడ్మాస్టరు.

"పుస్తకంలో మా ఊరు పేరు ఉన్నాదేటి?"

ఆయన వెళ్ళాక గురునాథరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మహేశ్వరి గారూ, అదంతా నిజమేనా?"

"నిజమే సర్."

"రక్తపరీక్షల్లో ఏమీ తేలకపోతే ఈ ఊళ్ళో తలెత్తుకోలేం."

"తేలితే?"

"తేలితే అసలే ఎత్తుకోలేం." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పిల్లలకు రక్తపరీక్షలు చెయ్యమని ఆరోగ్య కేంద్రానికి నేను రాసిన కాగితం అలాగే బల్ల మీద ఉంది. "నా మనవరాలికి మూడేళ్ళు," అని సంతకం పెట్టారు.

ఆగస్టు 13

ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ బడికి వచ్చి రక్తం తీసుకున్నారు. వస్తామన్న వాళ్ళలో సగం మంది రాలేదు. ఇక అయిపోయింది అనుకుంటుండగా దేవిశ్రీ తమ్ముణ్ణి ఎత్తుకుని గేటులోకి వచ్చింది. వెనకాల దూరంగా పైడితల్లి. సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకోలేదు. పిల్లాడి మొహమే చూస్తూ నిలబడింది.

ఆగస్టు 15

జెండా ఎగరేశాం. ఏడో తరగతి వరసలో ఖాళీలు. చాక్లెట్లు మిగిలిపోయాయి.

ఆగస్టు 28

ఫలితాలు వచ్చాయి. రక్తం ఇచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఉండాల్సిన దానికంటే హెచ్చుగానే ఉంది. అందరికన్నా ఎక్కువ చందుకు.

తల్లులను కూర్చోబెట్టి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. భయపడాల్సిన పని లేదు, ఇంటి దగ్గర ఆ పని ఆపాలి, నేల తడిగుడ్డతో తుడవాలి, తినేముందు చేతులు కడగాలి, పాలూ ఆకుకూరా పెట్టాలి, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం. చందు చిన్నవాడు, వాడితో బాగా మాట్లాడండి, ఆడించండి, ఇంకా అందుకుంటాడు అన్నారు. ఎవరూ ఏమీ అడగకుండానే లేచి వెళ్ళిపోయారు.

కారు దాకా ఆవిడతో నడిచాను. "మేడమ్, ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఇప్పుడు పరీక్ష చేస్తే చిన్నప్పటిది తెలుస్తుందా?"

"ఎవరికి?"

"తెలిసినవాళ్ళకి."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూశారు. "రక్తంలో ఇప్పుడు ఏమీ కనిపించదు. ఎముకల్లో కొంత దాక్కుని ఉంటుంది, అంతే. దానివల్లే అలా అయ్యాడని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కావచ్చు, కాకపోవచ్చు."

కాకపోవచ్చు అన్నారు. డాక్టరే అన్నారు.

ఆగస్టు 30

పైడితల్లి బడికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి అడిగింది.

"నా బిడ్డకి నానే ఇసం పెట్టినానని మా యత్త అంటంది. ఈది ఈదంతా అంటన్నారు. నాను సేసినానా టీచరమ్మా?"

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"తెలియక జరిగింది. నీ తప్పు కాదు," అన్నాను. శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో అలాగే ఉంది, తల్లిదండ్రులను నిందించరాదని.

నేను ఏమీ అననట్టే ఇంకా కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 3

దేవిశ్రీ రెండు రోజులు రాలేదు. ఇవాళ వచ్చింది. జడ తనే వేసుకున్నట్టుంది, వంకరగా ఉంది. మధ్యాహ్నం అన్నం దగ్గర పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకోడం మానేసినాది టీచర్. ముట్టుకుంటే ఇసం అంటద్ది అంటంది. అన్నం కూడా గిన్నెలో ఎట్టి దూరంగా తోస్తాది. ఆడు ఏడిసి ఏడిసి మెట్టు మీదే నిద్దరోతన్నాడు."

"పొయ్యి?"

"పొయ్యి తీసీసినాది. అయినా ఎత్తుకోదు. సేతులు ఇసకేసి తోముతాది. రకతం ఒచ్చినాది."

సాయంత్రం వెళ్ళాను. పైడితల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరచేతులు పైకి పెట్టుకుంది, ఎవరివో అన్నట్టు. సబ్బుతో కడిగితే పోతుందని, పిల్లాడికి ఇప్పుడు నీ స్పర్శే మందని, ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. వింది. "మీకు సదువుంది టీచరమ్మా. మీకు ఈ బాద తెలీదు," అంది.

బస్సులో నిలబడే వచ్చాను. సీటు ఉంది. కూర్చోవాలనిపించలేదు.

పాఠం తప్పు కాదు. నేను చెప్పింది తప్పు కాదు.

సెప్టెంబర్ 7

ఆదివారం. అమ్మ జంక్షన్ నుంచి వచ్చి కుళాయి దగ్గర గంప కడుగుతోంది. నేను గుమ్మంలో కూర్చుని కాగితాలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏటే, నెల బట్టి సూత్తన్నాను. ఆడి మొకం కేసి సూత్తావు. నా సేతుల కేసి సూత్తావు. ఏటున్నాది నా సేతుల్లో?"

ఏమీ లేదన్నాను. అమ్మ కుళాయి కట్టేసి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. మా అమ్మ పోతమ్మ అలా కూర్చుంటే పేటలో మగవాళ్ళు కూడా లేచి పోలేకపోయేవారు.

పైడితల్లి సంగతి చెప్పాను. అది మాత్రమే చెబుదామనుకున్నాను. మొదలుపెట్టాక ఆపడానికి చోటు దొరకలేదు.

"సీసమా?" అంది అమ్మ.

"అవును."

"మనం కాసినదేనా?"

"అదే."

"ఎల్లాజీకి?"

"కాకపోవచ్చు అన్నారమ్మా డాక్టరు. వాడికి జ్వరం కూడా—"

"కావచ్చు అని కూడా అని ఉంటాది గదా."

తల ఊపాను.

"ఆ జొరం రెండ్రోజులే ఉన్నాది మహీ. మూడో రోజు ఆడు లేచి ఆడినాడు. ఈడెందుకిలా ఉన్నాడని అందరూ అడిగీవోరు. ఏదో ఒకటి సెప్పాల గదా. జొరమని సెప్పినాను. సెప్పీ సెప్పీ నాకే అలగనిపించీసింది."

లేచి గంప బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు వీధిలో ఉన్నాడు. ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు, వాడికి తప్ప.

సెప్టెంబర్ 8

అమ్మ మాట్లాడటం లేదు.

సెప్టెంబర్ 9

అమ్మ చేపలకు వెళ్ళలేదు.

సెప్టెంబర్ 11

ఎల్లాజీ అన్నం గిన్నె జారవిడిచాడు. గదంతా మెతుకులు. వాడు చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ ఒక్క మాట అనకుండా వంగి ఎత్తిపోసింది. వాడు నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మకి బాగోలేదా అప్పా? తిట్టడం లేదు."

సెప్టెంబర్ 13

"రేపు నన్ను ఆ పిల్ల కాడికి తీస్కెల్లు," అంది అమ్మ. వారం రోజుల్లో మొదటి మాట.

సెప్టెంబర్ 14

వెళ్ళొచ్చాం. జరిగింది జరిగినట్టు రాయాలి.

అమ్మ ఎల్లాజీని కూడా రమ్మంది. వాడెందుకమ్మా అన్నాను. "ఆడు రావాల," అంది. బస్సు కిటికీ దగ్గర సముద్రం చూస్తూ వాడు హాయిగానే ఉన్నాడు. కొత్తరేవుపాలెంలో దిగాక అమ్మ నా వెనక నడవలేదు. తనే దారి అడుక్కుంటూ ముందు నడిచింది.

పైడితల్లి వరండాలో ఉంది. చందు మెట్టు మీద. మధ్యలో రెండు బారల దూరం. పొయ్యి ఉన్నచోట నల్లటి మచ్చ మాత్రం ఉంది. లోపలి నుంచి అత్తగారు తొంగి చూసి అక్కడే నిలబడిపోయింది. దేవిశ్రీ బిందె దింపి నావైపు వచ్చింది.

అమ్మ వెళ్ళి పైడితల్లి పక్కన నేల మీద చతికిలబడింది. నేను పరిచయం చెయ్యబోయాను. చేత్తో ఆగమంది.

"నా పేరు పోతమ్మ. ఈ టీచరు నా కూతురు. అదిగో, ఆడు నా కొడుకు. ఎల్లాజీ. నాను నీ లాగే సీసం కాసినాను. మొగుడు పోయినాక అదే తిండి. ఈణ్ణి నా పక్కనే, నేల మీదే ఆడుకోనిచ్చినాను."

పైడితల్లి ఎల్లాజీని చూసింది. వాడు చందు ముందు గొంతుక్కూర్చుని, వాడి చేతిలో ఉన్న ప్లాస్టిక్ పడవను తిప్పి చూస్తున్నాడు. ఇద్దరూ ఒకే రకంగా తల వంచుకుని ఉన్నారు. తర్వాత పైడితల్లి తల తిప్పి నన్ను చూసింది.

"మీ యమ్మ సెయ్యలేదన్నారు గదా టీచరమ్మా."

అమ్మే అంది, "దానికి తెలీదులే. అది ఎప్పుడూ బడిలోనే ఉండీది."

నా కోసం అమ్మ అబద్ధం ఆడింది. దేవిశ్రీ నా పక్కనే నిలబడి వింటోంది. అలా వదిలెయ్యలేకపోయాను.

"తెలుసు. బొగ్గులు తెచ్చింది నేనే. మొదటిసారి వచ్చినప్పుడు నీకు అబద్ధం చెప్పాను పైడితల్లీ. చెప్పలేక చెప్పాను."

పైడితల్లి నన్ను చాలాసేపు చూసింది. నేను ఆ ఇంటికి వచ్చిన అన్నిసార్లలోనూ ఆమె నన్ను అలా, తన పక్కన కూర్చున్న మనిషిని చూసినట్టు చూడటం ఇదే మొదలు.

అమ్మ కొనసాగించింది. "నాకెవరూ సెప్పలేదమ్మా. ఈడి ఇరవై ఎనిమిదో ఏట తెలిసినాది. ఇప్పుడు తెలిసి నాను సేసీది ఏటీ లేదు. నీకు నాలుగో ఏటే తెలిసినాది. నీకు సెయ్యడానికి శానా ఉన్నాది. ఇప్పుడు నువ్వీ గోడ కాడ కూకుంటే, సీసం సెయ్యనిది నువ్వు సేస్తావు."

"నా సేతులు సూడు అత్తా," అంది పైడితల్లి. ఇసకతో తోమి తోమి చర్మం లేచిపోయింది.

"సూసినాను. నావీ సూడు." అమ్మ తన చేతులు చాపింది. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు, చేప ముళ్ళు గీరిన గీతలు. "ఇసం ఉందని నరికీసుకుంటామేటి? ఇవే సేతుల్తో ఈడికింకా అన్నం ఎడతన్నాను."

దేవిశ్రీని నీళ్ళూ సబ్బూ తెమ్మంది. పైడితల్లి చేతులు తన ఒళ్ళో పెట్టుకుని కడిగింది. గోళ్ళ సందులు కూడా, పసిపిల్లకు కడిగినట్టు. నీళ్ళు తాకినప్పుడల్లా పైడితల్లి పళ్ళు బిగించింది. పైడితల్లి తన కొంగుతో తుడుచుకోబోతే అమ్మ ఆపి, "కొంగు వద్దు. కొత్త గుడ్డ తే," అంది. నేను సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చాను.

"ఇప్పుడు ఎత్తుకో," అంది అమ్మ.

పైడితల్లి కదల్లేదు. అమ్మ కూడా తొందరపెట్టలేదు. చందును పిలిచింది ఎల్లాజీ. "ఒరే, అమ్మ కాడికెల్లరా," అని వాడి వీపు మీద చిన్నగా నెట్టాడు. చందు రెండడుగులు వేసి ఆగాడు. ఇన్ని రోజులుగా తోసేసిన మనిషి కదా, నమ్మలేదు. అప్పుడు పైడితల్లి రెండు చేతులూ చాపింది. వాడు వెళ్ళి మెడ పట్టుకున్నాడు. ఆమె ఏడ్చింది. బడి గుమ్మం దగ్గర ఏడవనిదంతా.

లోపలి నుంచి అత్తగారు టీ పట్టుకుని వచ్చింది. అందరికీ ఇచ్చి, కోడలికి చివర ఇచ్చింది. కానీ ఇచ్చింది.

తిరుగు బస్సులో అమ్మ నా భుజం మీద తల ఆనించి పడుకుంది. ఎప్పుడూ అలా పడుకోదు.

సెప్టెంబర్ 26

దసరా సెలవులకు ముందు బడిలో తల్లుల సమావేశం. ఈసారి నేను మాట్లాడలేదు. అమ్మ మాట్లాడింది. తర్వాత పైడితల్లి నాలుగు మాటలు. నేల చూస్తూనే పూర్తి చేసింది.

వీధి చివర, అక్కడి గాలి ఊళ్ళోకి రాని వైపు, పాత వలల షెడ్డు ఉంది. సీసం పని ఇళ్ళల్లోంచి అక్కడికి మార్చాలని, అక్కడికి పిల్లలు రాకూడదని, పని చీరలు అక్కడే విప్పి రావాలని అనుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ పనికి వెళ్ళకూడదని కూడా. షెడ్డుకు కుళాయి కావాలన్నారు. కన్నబాబు గారు వెనక గోడకు ఆనుకుని విన్నారు. "కుళాయి ఏయిస్తాను," అన్నారు, ఎవరినీ చూడకుండా. ఆయన కోడలికి ఏడో నెల అని ఆశాజ్యోతి చెప్పింది.

అందరూ మారలేదు. రెండు మూడు ఇళ్ళల్లో ఇంకా వరండాలోనే కాస్తున్నారు. పైడితల్లి ఆ పని మానేసి ఎండుచేపల పనికి వెళుతోంది. రోజు గడవడం కష్టంగా ఉందని దాచకుండా చెప్పింది.

నవంబర్ 22

చందుకు మళ్ళీ పరీక్ష చేశారు. తగ్గింది. పోలేదు, తగ్గింది. ఇంకా తగ్గుతుందని డాక్టరమ్మ అన్నారు. వాడు ఇప్పుడు అక్కను "అప్ప రా" అని పిలుస్తున్నాడట, రెండు మాటలు కలిపి. దేవిశ్రీ ఆ మాట స్టాఫ్ రూములో టీచర్లందరికీ విడివిడిగా చెప్పింది. మాస్టారు సీతారామాంజనేయులు గారు రెండోసారి కూడా చెప్పించుకున్నారు.

నవంబర్ 23

ఆదివారం. బట్టలు ఆరేస్తుంటే ఎల్లాజీ పక్కన వచ్చి నిలబడ్డాడు. క్లిప్పులు ఒక్కొక్కటే అందిస్తున్నాడు. ఏదో అడగాలని ఉంటే అలాగే చేస్తాడు.

"అప్పా, ఆ రోజు అమ్మ సెప్పినాది గదా. సీసం."

రెండు నెలలు. ఆ మాట వాడు రెండు నెలలు లోపల పెట్టుకుని తిరిగాడు. మాలో ఎవరికీ వాడికి చెప్పాలని తోచలేదు. వాడి ముందే చెప్పుకున్నాం, వాడికి తప్ప అందరికీ.

"అవునురా."

"బల్లో అయ్యోరు నన్ను బద్దకం అని కొట్టీవోరు. లెక్కలు నాకు రాక కాదు, సెయ్యక అనీవోరు. నాను సేసీవోణ్ణి అప్పా. బుర్రలో ఉండీవి కావు. ఇలా అంటే ఎల్లిపోయీవి." చేత్తో నుదుటి దగ్గర గాలిలోకి చూపించాడు. "అది సీసమా?"

తడి చీర తీగ మీద వేసి, గట్టు మీద కూర్చుని, వాణ్ణి కూడా కూర్చోమన్నాను. అంతా చెప్పాను. ఏడో తరగతికి చెప్పినట్టు కాకుండా, పెద్దవాడికి చెప్పినట్టు. పొగ ఎలా లేస్తుందో, ఎక్కడ దిగుతుందో, చిన్నపిల్లల మెదడులో ఏం చేస్తుందో. డాక్టరు ఖాయంగా చెప్పలేనన్నారని కూడా చెప్పాను. కావచ్చు, కాకపోవచ్చు, రెండూ. వాడు మధ్యలో లేచిపోలేదు. ఇంతసేపు ఒక విషయం మీద కూర్చోవడం నేను చూడలేదు.

"అయితే నాను బద్దకపోణ్ణి కాదు."

"కాదు. ఎప్పుడూ కాదు."

క్లిప్పుల డబ్బా మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.

"అమ్మ దానికే తిట్టడం మానీసినాదా?"

"అవును."

"నన్ను సూసి ఏడుత్తాది అప్పా. నాను నిద్దరోయినాననుకుని. ఆమెకి సెప్పు, నాకు కోపం లేదని."

"నేను చెబితే నమ్మదు. నువ్వే చెప్పు."

లేచి, లుంగీ సర్దుకుని, వంటింట్లోకి వెళ్ళాడు. అమ్మ చేపలు తోముతోంది. గిన్నెల చప్పుడు ఆగింది. వాడి గొంతు మాత్రం సన్నగా, ఆగి ఆగి వినిపిస్తోంది. మాటలు తెలియలేదు. దగ్గరకు వెళ్ళి వినాలని నాకు అనిపించలేదు. అది వాళ్ళిద్దరిది.

మిగిలిన బట్టలు ఆరేశాను.